చింతపండు అక్కర్లేని టమాటా

నిరుడు సంక్రాంతి వెళ్ళిన వారం, ఒక ఉదయం అమ్మ టమాటా పప్పు చేస్తోంది. కుక్కర్ మూత తీసి, ఉడికిన కందిపప్పునీ టమాటా ముక్కల్నీ పప్పుగుత్తితో ఎనుపుతూ, చూపు తిప్పకుండానే ఎడమచేత్తో చింతపండు డబ్బా అందుకుంది. రెండు రెబ్బలు తీసి గిన్నెలో నానేసింది. ఎన్నేళ్ళుగానో చూస్తున్న పనే. ఆ రోజెందుకో నా కళ్ళు అక్కడే ఆగిపోయాయి. టమాటా పప్పులో చింతపండేమిటి? పులుపు కోసమే కదా టమాటా వేసింది? అడిగితే అమ్మ, "పుల్లగా లేవే ఇవి. ఎర్రగా ఉన్నాయి, అంతే" అంది. అని మళ్ళీ పప్పు ఎనుపుతూ ఉండిపోయింది. ఆవిడకది చెప్పుకోవాల్సిన సంగతే కాదు. పులుపు తగ్గింది, చింతపండు పడింది, పప్పు అయింది. నాకు మాత్రం ఆ రెండు రెబ్బలు ఇన్నాళ్ళూ పంటి కింద పీచులా ఉండిపోయాయి.

చిన్నప్పుడు మేం రాజాంలో ఉండేవాళ్ళం. అప్పటికది శ్రీకాకుళం జిల్లా, 2022లో విజయనగరంలో కలిసింది. ఆ ఇంట్లో టమాటా పప్పు చేసిన రోజు చింతపండు ముట్టుకునేవారు కాదని నా నమ్మకం. నిజంగా గుర్తుందా, లేక ఇప్పుడు కావాలి కాబట్టి గుర్తు చేసుకుంటున్నానా? వంటింటి జ్ఞాపకాల్ని పూర్తిగా నమ్మడం కష్టం. అమ్మ చేతి వంట అనగానే అన్నిటికీ ఒక వన్నె వచ్చేస్తుంది. కానీ నాలుకకి ఒక సంగతి గుర్తుంది. వేడన్నంలో పప్పు కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే దవడల వెనక సన్నగా జిల్లుమనేది. కళ్ళు చిన్నవయ్యేవి. ఆ జిల్లు చింతపండుది కాదు. చింతపండు పులుపు ముదురుగా, నెమ్మదిగా వచ్చి గొంతు దాకా ఉండిపోతుంది. ఇది లేతగా వచ్చి వెంటనే వెళ్ళిపోయేది. తర్వాత పుస్తకాల్లో చదివితే కారణం తెలిసింది. చింతపండులో ఉన్నది టార్టారిక్ ఆమ్లం. టమాటాలో ఎక్కువ భాగం సిట్రిక్, నిమ్మకాయలో ఉండేదే. రెండూ పులుపులే గాని వేర్వేరు తీరులు. ఒకదాని చోట ఇంకొకటి వేస్తే పప్పు పుల్లబడుతుంది, కానీ అదే పప్పు కాదు.

విజయనగరం రైతు బజారుకి పొద్దున్నే వెళితే టమాటాలు రెండు రకాల కుప్పలుగా కనిపిస్తాయి. ఒకటి కోడిగుడ్డు ఆకారంలో, అన్నీ ఒకే సైజులో, నున్నగా గట్టిగా ఉండేవి. వీటిని హైబ్రిడ్ అంటారు, కొందరు బెంగుళూరు టమాటా అంటారు. రెండోది ఎప్పుడూ చిన్న కుప్ప. చదునుగా, నడుమున గాట్లు పడి, తొడిమ చుట్టూ పచ్చదనం పోకుండా, కొన్ని పగిలి, కొన్ని మెత్తబడి ఉండే నాటు టమాటాలు. గంట్యాడ వైపు నుంచి వచ్చే ఒకావిడ దగ్గర నేను కూరలు కొంటాను. అప్పా అని పిలుస్తాను, ఆవిడ నన్ను అమ్మా అంటుంది. టమాటాలు అడిగితే ఆవిడ ధర చెప్పదు, ముందు ఇంకోటి అడుగుతుంది. "దేనికమ్మా? పప్పుకా, కూరకా?" పప్పుకంటే నాటువి తూస్తుంది. కూరకంటే గట్టివి. "సారుకైతే ఇయ్యి ఒగ్గీకమ్మా" అని పగిలినవి రెండు ఊరికే వేస్తుంది. ఆవిడ ప్రశ్న నాకెంత ఇష్టమో చెప్పలేను. విత్తనాల దుకాణంలోనూ నర్సరీలోనూ నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. అక్కడ వినిపించిందల్లా కాయ గట్టిదనం, ఎన్ని రోజులు నిలవుంటుంది, ఎకరానికి ఎంత వస్తుంది. తప్పేం కాదు. రైతుకి అవే కావాలి. మదనపల్లె నుంచి లారీ ఎక్కి మా ఊరొచ్చే కాయ దారిలో చితక్కుండా రావాలి కదా. కానీ వండేవాళ్ళ ప్రశ్న ఆ దుకాణం దాకా ఎందుకు వెళ్ళలేదు?

అసలు టమాటా మన వంటింట్లోకి ఏ పని మీద వచ్చిందో ఆలోచిస్తే నాకు పులుపు పనే కనిపిస్తుంది. అంతకుముందు మనకి పులుపు లేదని కాదు. ఉసిరికాయ కార్తీకంలో, చింతకాయ పుష్యంలో, మామిడి వేసవిలో, ఎండలు ముదిరే వేళకి చింతచిగురు, గోంగూర ఎలాగూ ఉంది. ఏడాదంతా ఏదో ఒక పులుపు చెట్టు మీదో పాదులోనో ఉండేది, లేనప్పుడు కుండలో పాత చింతపండు ఉండేది. ఆ వరసలోకి ఎక్కడో దక్షిణ అమెరికా కొండల్లో పుట్టి, మెక్సికోలో మనుషుల చేతికి మచ్చికై, పోర్చుగీసు ఓడల్లో మన తీరం చేరిన కాయ వచ్చి కూర్చుంది. పెద్దవాళ్ళు దానికి రామములగ అని పేరు పెట్టుకున్నారు. మా ఇంట్లో ఇప్పటికీ తద్దినం వంటలో టమాటా వెయ్యరు. పితృదేవతలకి అది తెలియని కాయ. ఆ ఒక్కరోజు మా వంటిల్లు టమాటా రాకముందు ఎలా ఉండేదో అలా అయిపోతుంది. చిన్నప్పుడు ఆ భోజనం నాకు చప్పగా అనిపించేది. ఇప్పుడు ఆ రోజు వడ్డించిన చారు తాగుతూ, ఇంతకాలం ఇది లేకుండా ఎంత హాయిగా వండుకున్నారో కదా అనుకుంటాను. మరి లోటే లేనిచోటికి వచ్చిన కాయ, నాలుగైదు తరాల్లో ఇంత అవసరం ఎలా అయిపోయింది? దొరకని పులుపేదో అది తెచ్చి ఉండాలి. నేను చెప్పిన ఆ లేత జిల్లే అది కావచ్చు.

అమెరికాలో ఒకప్పుడు టమాటా పండా కూరగాయా అని పెద్ద కోర్టు దాకా వెళ్ళారు. కూరగాయల దిగుమతి మీద పన్ను ఉండేది, పండ్ల మీద ఉండేది కాదు. 1893లో వాళ్ళ సుప్రీంకోర్టు తేల్చిందేమిటంటే, వృక్షశాస్త్రం ఏమన్నా సరే, జనం దాన్ని భోజనంలో కూరగా తింటున్నారు, చివర్లో తీపిగా తినడం లేదు, కాబట్టి అది కూరగాయ. చదివినప్పుడు నాకు గంట్యాడ అప్ప గుర్తొచ్చింది. ఆ న్యాయమూర్తులూ అడిగింది ఆ ప్రశ్నే. దేనికి?

సరే, పెరట్లో నేనే వేసుకుందామనుకున్నాను. పప్పుకొకటి, పచ్చడికొకటి, చారుకొకటి. ఏ పనికి ఏది అని వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, నాటు అన్న మాటే ఎంత జారుడుగా ఉందో. ఢిల్లీ పూసాలోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇచ్చిన పూసా రూబీ చదునుగా, కొంచెం గాట్లతో, పుల్లగా ఉంటుంది. మన బజార్లో నాటు అని అమ్మే కాయలు చాలావరకు దాని పోలికలోనే ఉంటాయి. కానీ దాని తల్లిదండ్రుల్లో ఒకటి 'సూ' అనే అమెరికా రకం. తమిళనాడు పెరియకుళంలో తయారైన పీకేఎం-1 తొడిమ దగ్గర పచ్చగా, చదునుగా ఉండి అచ్చం నాటులా కనిపిస్తుంది. అక్కడి అన్నంజి అనే స్థానిక రకం నుంచి తీసింది. చిత్రమేమిటంటే దూర ప్రయాణానికి తట్టుకుంటుందని దానికి పేరు. అంటే గట్టిగా ఉండేదంతా చప్పగా ఉండాలనేం లేదన్నమాట. బెంగుళూరు దగ్గర హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క వికాస్ కూడా టిప్-టాప్ అనే అమెరికా రకం నుంచి ఏరింది, వానాధారంగా తట్టుకుంటుంది. ఇక నాటు ఏది? వచ్చిన సంగతి మనం మరిచిపోయేంత కాలం మనతో ఉన్నది నాటు అనుకోవాలా? నా మాట నాకే పూర్తిగా నచ్చలేదు, కానీ ఇంతకంటే మంచి మాట దొరకలేదు.

తొడిమ దగ్గరి ఆ పచ్చదనాన్ని నేను లోపమనుకునేదాన్ని. కోసి పారేసేదాన్ని కూడా. 2012లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. కాయంతా ఒకేసారి ఒకే రంగులోకి తిరగాలని డెబ్భై ఏళ్ళుగా ఏరుకుంటూ వచ్చిన రకాల్లో ఒక జన్యువు పనిచెయ్యడం మానేసిందని అందులో తేల్చారు. ఆ జన్యువు పనే పచ్చికాయలో పత్రహరితాన్ని పెంచడం. భుజాల మీద పచ్చగా ఉన్న కాయ ఆకులాగే తనూ ఎండ తాగి కొంత చక్కెర తయారు చేసుకుంటుంది. ఒకే రంగు కోసం ఆ చక్కెర కొంత పోయింది. ఇది చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. మా వైపు పులుసులో బెల్లం పడకపోతే పులుసే కాదు. పులుపుకి తీపి పక్కన నిలబడాలి, లేకపోతే పులుపు ఒంటరిగా కరుస్తుంది. ఈ కాయ తన బెల్లం ముక్క తనే వెంట తెచ్చుకునేదన్నమాట. మనం చూడ్డానికి బాగోలేదని ఆ భుజాన్ని తీసేయించాం.

లోపల గింజల చుట్టూ ఉండే జిగురు గురించీ ఇలాగే తెలిసింది. గింజలు తీసేసి వండడం నాజూకని కొన్నాళ్ళు నేనూ పాటించాను. 2007లో ఇంగ్లండులో చేసిన పరిశోధన ప్రకారం ఆ జిగురులోనే గ్లుటమేట్ ఎక్కువ, కండలో తక్కువ. నోరూరించే గుణమంతా మనం గరిటెతో గీకి పారేసే చోట ఉంది. చారుకి పగిలిన నాటు కాయలు వేసే అప్పకి ఈ సంగతి ఎవరు చెప్పారు? కండ తక్కువ, అరలు ఎక్కువ, ప్రతి అర నిండా రసం. చారుకి కావలసింది అదే. గట్టి హైబ్రిడ్ కాయ చారులో ముక్కలు ముక్కలుగా తేలుతుంది తప్ప చారవ్వదు. ఎండు నెత్తళ్ళ కూరలోనూ అంతే. మా అత్తవారిది పలాస వైపు ఊరు, అక్కడ నెత్తళ్ళు వేయించి టమాటాలో దించుతారు. కాయ కరిగి చేపకి అంటుకోవాలి. కోడిగుడ్డు కూరకి మాత్రం నాకు గట్టి కాయే ఇష్టం. ముక్క ముక్కగా నిలిచి, గుడ్డుతో పాటు పంటికి తగలాలి. పోనీ, ఒక్కొక్కరి నాలుక.

దసరా వెళ్ళాక నారు పోశాను. మా తీరం వేసవిలో రాత్రులు కూడా చల్లబడవు, పూత వస్తుంది గాని నిలవదు, రాలిపోతుంది. చలి మొదలయ్యాక నాటితే మాఘానికి కాయ. మూడు రకాలు పెట్టాను. అప్ప ఇచ్చిన మెత్తటి పండు గింజలు, పూసా రూబీ, హెసరఘట్ట నుంచి పోస్టులో తెప్పించిన అర్క రక్షక్. ఈ చివరిది మూడు తెగుళ్ళని తట్టుకునే హైబ్రిడ్. ఆకుముడత, బాక్టీరియా ఎండుతెగులు, ఆకుమాడు తెగులు. కాయ పలకలు తేలి, ముదురు ఎరుపు. పచ్చడి జాడీకి దాన్ని అనుకున్నాను, పుస్తకాలన్నీ నిల్వకి కండ ఎక్కువ, నీరు తక్కువ ఉన్న కాయే కావాలన్నాయి కనక. ఇటలీ వాళ్ళ సాన్ మార్జానో, అమెరికాలో 1950ల్లో తయారైన రోమా, అన్నీ ఆ కోవవే. నాటిన నెలన్నరకి నాటు మొక్కలు రెండు పచ్చగా ఉండగానే తలవాల్చేశాయి. నీళ్ళు చాల్లేదేమో అనుకున్నాను. కాండం కోసి గాజు గ్లాసు నీళ్ళలో నిలబెడితే కాసేపటికి పాలలాంటి తీగ ఒకటి కిందికి జారడం మొదలైంది. ఎండుతెగులే. అంతకుముందు ఏడాది ఆ మడిలోనే వంగ మొక్కలు అలా పోయాయి. వంగా టమాటా ఒక కుటుంబం, ఒకదాని జబ్బు మట్టిలో ఉండి రెండోదానికి తగిలింది. ఆ పక్కనే రక్షక్ నిటారుగా నిలబడి ఉంది. గ్లాసు చేత్తో పట్టుకుని, ఇన్నాళ్ళూ నేను ఈ కొత్త రకాలకి అన్యాయం చేస్తూ మాట్లాడానేమో అనిపించింది. రుచి కోసం ఏరినవాళ్ళు ఉన్నట్టే, మొక్క చావకుండా ఏరినవాళ్ళూ ఉన్నారు. పొలమే బతుకైనవాళ్ళకి మొదట కావలసింది వాళ్ళే.

ఫిబ్రవరిలో రెండు జాడీలు పెట్టాం. ఒకదాంట్లో మిగిలిన నాటు, పూసా రూబీ కలిపి. రెండోదాంట్లో రక్షక్ ఒక్కటే. కడిగి, పొడిగుడ్డతో తుడిచి, తడి ఆరాక నాలుగు ముక్కలుగా కోసి ఉప్పూ పసుపూ కలిపాం. మూడోనాడు మూత తీస్తే రెండు జాడీలకీ పోలికే లేదు. నాటు జాడీలో ముక్కలు మునిగిపోయేంత ఊట. రక్షక్ జాడీలో ముక్కలు నిండుగా ఉన్నాయి, ఊట అడుగున కొంచెం. నేను సంతోషించాను. పుస్తకం చెప్పినట్టే అయింది, ఎండబెట్టాల్సిన నీరు తక్కువ. అమ్మ మొహం మాత్రం చిన్నబోయింది. "మరి చింతపండు దేంట్లో నానబెట్టడం?" అంది. నేను ఆ ఊటని వదిలించుకోవాల్సిన నీరనుకుంటున్నాను, ఆవిడకి పచ్చడంటే ఆ ఊటే. ముక్కల్ని పిండి ఎండలో ఆరబెడతారు, ఊటలో చింతపండు నానబెట్టి దాన్నీ ఎండలో పెడతారు, తర్వాత అన్నీ కలిపి రుబ్బుతారు. టమాటా తనలోంచి ఇచ్చుకున్న నీటిలోనే చింతపండు నానాలి, బయటి నీరు చుక్క తగిలినా బూజు పడుతుంది. అంటే సాస్ కోసం ఏరిన కాయ మన జాడీకి సరిపోవాలని లేదు. సాస్‌ని పొయ్యి మీద మరిగించి నీరు ఇగర్చాలి, అందుకని నీరు లేని కాయ. మన పచ్చడికి పొయ్యి ఎండే, దానికి ఊట కావాలి. ఇది ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. రాసినవాళ్ళకి జాడీ తెలియదు కాబోలు.

రక్షక్ జాడీకి అవతలి జాడీ ఊట కొంత పోసి గట్టెక్కించింది అమ్మ. చివరికి రెండూ బాగానే కుదిరాయి. హైబ్రిడ్ పచ్చడి చూడ్డానికి ఎంత ఎర్రగా వచ్చిందో! తొక్క మాత్రం కాగితంలా అక్కడక్కడ పంటికి తగులుతోంది. నాటుది కొంచెం గోధుమ రంగు, కానీ వేలికి రాసుకుని నాకితే చాలు. వచ్చినవాళ్ళందరికీ రెండూ రుచి చూపించాను, ఏది ఏదో చెప్పకుండా. పిల్లలంతా ఎర్రదే బాగుందన్నారు. దానికి నాకు కొంచెం దిగులేసింది, దాచుకోను. వాళ్ళ నాలుక వేరే కాయతో పెరిగింది. నాకు గుర్తున్న జిల్లు వాళ్ళకి గుర్తుండాలని నేనెందుకు అడగాలి? అడక్కపోతే మాత్రం ఎలా ఉండగలను?

రకాలన్నీ ఒకటైపోయిన రోజులు కూడా కొన్ని చూశాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరీ జీడీ వేళ్ళతో సహా ఒరిగిపోయాయి. గాలి తగ్గాక అత్తవారింటి పెరట్లోకి వెళితే టమాటా మొక్కలన్నీ నేలకి పరుచుకుపోయి ఉన్నాయి, బురదలో పచ్చికాయలు. అత్తయ్య చెంగు పరిచి, "ఒక్క కాయా ఒగ్గీకమ్మా, పచ్చియైనా ఏరీ" అంది. కరెంటు రాలేదు, కూరగాయలు వచ్చే దారుల్లేవు. ఆ రోజులన్నీ ఆ కాయలే తిన్నాం. నువ్వులు వేయించి రోట్లో దంచిన పచ్చి టమాటా పచ్చడి, పచ్చి టమాటా పప్పు. పచ్చిగా ఉన్నప్పుడు నాటూ హైబ్రిడూ లేవు, అన్నీ పుల్లగా ఉన్నాయి. ఎంత పులుపంటే అత్తయ్య బెల్లం కొట్టి వేసింది. చింతపండు ఊసే రాలేదు. పెరట్లో కూలిన కొబ్బరిచెట్ల వైపు ఎవరూ చూడకుండా తిన్న ఆ అన్నాలు నాకిప్పటికీ గొంతులో ఉన్నాయి.

2023 జూలైలో టమాటా కిలో రెండువందల దాకా పోయినప్పుడు, ప్రభుత్వం రైతు బజార్లలో 50 రూపాయలకి అమ్మించినప్పుడు, వరసలో నిలబడ్డవాళ్ళెవరూ ఏ రకమని అడగలేదు. నేనూ అడగలేదు. దొరికిందే చాలనుకున్నాను. మళ్ళీ ధర పడిపోయినప్పుడు రైతులు రోడ్డు మీద పారబోసిన కాయల ఫొటోల్లోనూ ఎవరూ రకం చూడరు.

మార్చి మొదట్లో చివరి నాటు కాయలతో పప్పు చేశాం. అమ్మ ఎనిపి, వేలితో రుచి చూసి, కాసేపు ఏమీ అనలేదు. "బాగుందే. పుల్లగా ఉంది" అంది. తర్వాత ఎడమచెయ్యి చింతపండు డబ్బా మీదికి వెళ్ళింది. ఒక్క రెబ్బ వేసింది. ఎందుకమ్మా అని నేను అడగలేదు. ఆ చెయ్యికి ఇరవయ్యేళ్ళ అలవాటు. తిన్నాక ఇద్దరం పెరట్లో కూర్చుని, విత్తనానికని వదిలేసిన పండ్లు పిండాం. రెండు రోజులు ఆ రసంలోనే పులవబెట్టి, జిగురు వదిలాక కడిగి, బూడిద కలిపి చాట మీద ఆరబోశాం. ఆరాక పాత కాగితాలు చింపి పొట్లాలు కట్టాం. నేను పెన్ను తీసుకుని పూసా రూబీ అని రాయబోతుంటే అమ్మ లాక్కుని తనే రాసింది. ఒకదాని మీద 'పప్పు', ఇంకోదాని మీద 'చారు'. నాటు గింజలు ఎక్కువున్నాయి, వాటి మీద 'ఊట' అని.

రక్షక్ గింజలు పొట్లం కట్టి పక్కకి పెట్టాను. "అదెందుకే వేరే పెట్టేవు?" అంది. హైబ్రిడ్ కదా అమ్మా, దీని గింజ వేస్తే ఇదే కాయ రాదు, పిల్లలు ఒక్కోటీ ఒక్కోలా పుడతాయి, కొన్ని తాతలా కొన్ని ఎవరిలానో అని చెప్పాను. అమ్మ ఆ పొట్లం చేతిలోకి తీసుకుని, దాని మీద 'చూద్దాం' అని రాసి, మిగతావాటితో పాటే డబ్బాలో వేసింది.